చెడు కబురు పైకి చేరే దారి

నాయకత్వం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. ఉత్తరాలలో ఎక్కువ భాగం గుంటూరు, విజయవాడ, వాటి చుట్టుపక్కల ఊళ్ళ నుంచే వచ్చాయి. అడిగిన తీరు వేరైనా లోపలి సందేహం దాదాపు ఒకటే. పరిస్థితిని బట్టి పద్ధతి మార్చుకోగలిగినవాడు, మాట మీద నిలబడేవాడు ఒకే మనిషి కాగలడా, అలాంటి మనిషిని శిక్షణతో తయారు చేయవచ్చునా అన్నది ఆ సందేహం. సమాధానాలు రాస్తున్నది సైన్యంలో పనిచేసి పదవీ విరమణ చేసిన వ్యక్తి కనుక, ఉదాహరణలు అటువైపు కొంచెం మొగ్గితే పాఠకులు మన్నించాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతూ ఎన్‌డీఏకు (సైనికాధికారులను తయారు చేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీకి) వెళ్తానంటున్నాడు. రాత పరీక్ష సంగతి ఎలా ఉన్నా, ఎస్‌ఎస్‌బీ (అధికారులను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు మూడు వారాల్లో నాయకత్వ లక్షణాలు నేర్పిస్తామని ఒక కోచింగ్ సంస్థ పెద్ద మొత్తమే అడుగుతోంది. ఇది మూడు వారాల్లో నేర్చుకునే విషయమేనా?
ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: ఫీజు కట్టడం, కట్టకపోవడం మీ ఇష్టం గానీ, ఆ సంస్థ ఏది నేర్పగలదో, ఏది నేర్పలేదో తెలుసుకుని నిర్ణయించుకోండి. ఎన్‌డీఏ రాత పరీక్షలో గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600 కలిపి 900 మార్కులు ఉంటే, ఎస్‌ఎస్‌బీకి కూడా సరిగ్గా 900 మార్కులే పెట్టారు. ఏళ్ళ తరబడి చదివిన చదువుకు ఎంత విలువ ఇచ్చారో, ఐదు రోజుల పరిశీలనకూ అంతే విలువ ఇచ్చారన్నమాట. మొదటి రోజు వడపోత జరుగుతుంది, అందులో నిలవనివారిని ఆ రోజే ఇంటికి పంపించేస్తారు. మిగిలినవారిని ముగ్గురు వేర్వేరుగా అంచనా వేస్తారు. సైకాలజిస్టు అభ్యర్థి రాసిన కాగితాలను చూస్తాడు, గ్రూప్ టెస్టింగ్ ఆఫీసరు మైదానంలో అతడు చేసే పనిని చూస్తాడు, ఇంటర్వ్యూ చేసే అధికారి ఎదురుగా కూర్చుని అతడితో మాట్లాడతాడు. చివరి రోజు కాన్ఫరెన్స్‌లో ఈ మూడు అంచనాలనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఈ పద్ధతిని అక్కడివారు మనసా, వాచా, కర్మణా అనే చెప్పుకుంటారు. మన పెద్దలు త్రికరణశుద్ధి అన్నది దీన్నే.

కోచింగ్ ఎక్కడ తేలిపోతుందో చెబుతాను. పదాల పరీక్షలో 60 పదాలు ఒకదాని తరువాత ఒకటి తెర మీద కనిపిస్తాయి, ఒక్కోదానికి వాక్యం రాయడానికి 15 సెకన్లు ఉంటాయి. సందర్భాల పరీక్షలో 60 సందర్భాలకు 30 నిమిషాలు. ముందుగా వల్లించుకుపోయిన వాక్యాలు మొదట కొన్నింటికి సరిపోతాయి, ఆ తరువాత చేయి అలసిపోయి మనసులో ఉన్నదే రాసేస్తుంది. మైదానంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఎనిమిది నుంచి పదిమంది కుర్రవాళ్ళకు ఒక బల్ల, ఒక దుంగ, ఒక తాడు, మోసుకుపోవలసిన ఒక బరువు ఇస్తారు, ఎర్ర రంగు వేసిన భాగాన్ని మనిషిగానీ వస్తువుగానీ తాకకూడదంటారు. నాయకుడు ఎవరో చెప్పరు. గట్టిగా అరిచేవాడు ఐదు నిమిషాలు నాయకుడిలా కనిపిస్తాడు. అతడి ఉపాయం పారక బల్ల ఎర్ర గీతకు తగిలినప్పుడు, వెనుక నిలబడి కొలత చూస్తున్న ఇంకొకడు "దుంగను ముందు వేసి బల్లను దానికి కడదాం" అంటాడు. అప్పుడు మొదటివాడు ఏం చేస్తాడన్నదే అధికారి నోట్‌బుక్‌లోకి ఎక్కుతుంది. పక్కకు జరిగి తాడు అందించాడా, తన మాటే నెగ్గాలని బల్ల వదలకుండా పట్టుకున్నాడా? తరువాత వచ్చే కమాండ్ టాస్క్‌లో అభ్యర్థే నాయకుడు, తనకు కావలసిన ఇద్దరు సహాయకులను తానే ఎంచుకుంటాడు. పని సగంలో ఉండగా అధికారి ఒక సాధనాన్ని తీసేయవచ్చు. అంతవరకు కట్టిన పథకాన్ని ఒక్క క్షణంలో వదిలేయడం, తాడు చాలదని చెప్పిన సహాయకుడి మీద కసురుకోకుండా ఉండడం, చూడడానికి చిన్న విషయాలే. ఎంపిక చేసేవారు వెతికే పదిహేను లక్షణాలలో పరిస్థితులకు, మనుషులకు సర్దుకోగలగడం ఒకటి, బాధ్యత ఇంకొకటి, ధైర్యం మరొకటి. మొదటిది మాత్రమే ఉన్నవాడు అవకాశవాది అవుతాడు కనుకనే మిగిలినవాటినీ చూస్తారు.

మీరు ఇంట్లో చేయగలిగినది ఒకటుంది. ఒక పనిని పూర్తిగా అబ్బాయికి అప్పగించండి. తాతగారిని నెలనెలా ఆసుపత్రికి తీసుకువెళ్ళడం, మందులు అయిపోకుండా చూడడం, ఆ డబ్బుకు లెక్క చెప్పడం వంటిది. మందులు మరిచిపోయాడని తెలిసిన రోజున అతడు మీకు తానుగా వచ్చి చెప్పగలిగితే, ఆ చెప్పడాన్ని మీరు తిట్టకుండా వినగలిగితే, ఎస్‌ఎస్‌బీలో అవసరమైన దానిలో సగం మీ ఇంట్లోనే జరుగుతుంది. ఇంకా చిన్న పిల్లలున్న తల్లిదండ్రులు సైనిక పాఠశాలల గురించి ఆలోచించవచ్చు. మన రాష్ట్రంలో కోరుకొండ పాఠశాల 1962 నుంచి, కలికిరి పాఠశాల 2014 నుంచి నడుస్తున్నాయి. 2020 జూన్ 15న గల్వాన్‌లో 16 బిహార్ బెటాలియన్‌ను నడిపిస్తూ ప్రాణాలిచ్చిన సూర్యాపేట వాసి కర్నల్ సంతోష్‌బాబు కోరుకొండలోనే చదువుకున్నారు.

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎన్‌సీసీలో అండర్ ఆఫీసర్‌ని, సి సర్టిఫికెట్ పరీక్ష రాయబోతున్నాను. ఇన్నాళ్ళూ మాకు నేర్పింది ఆజ్ఞ పాటించడం. ఇప్పుడేమో సైన్యానికి సొంతంగా ఆలోచించే అధికారులు కావాలంటున్నారు. ఈ రెండూ ఎలా కుదురుతాయి?
ఒక విద్యార్థిని, తెనాలి

సమాధానం: అమ్మా, ఈ ప్రశ్న చాలామంది అధికారులకు సర్వీసులో నాలుగైదేళ్ళు గడిస్తే గానీ తోచదు. సైన్యంలో ఆజ్ఞ ఇవ్వడానికి ఒక వరుస ఉంది. ముందు పరిస్థితి చెబుతారు, తరువాత లక్ష్యం, ఆ తరువాత దానిని సాధించే విధానం, చివరకు సరఫరాలు, సమాచార ఏర్పాట్లు. లక్ష్యాన్ని విధానంతో కలపకుండా విడిగా చెప్పడంలోనే మీ సందేహానికి సమాధానం ఉంది. కాల్పులు మొదలైన తరువాత విధానం ఎక్కడ తప్పుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. అప్పుడు పైనుంచి కొత్త ఆజ్ఞ వచ్చేదాకా కూర్చోకుండా, లక్ష్యాన్ని పట్టుకుని విధానాన్ని మార్చుకోవలసినది అక్కడ ఉన్న అధికారే. 1999 జూన్ 28న కార్గిల్‌లో హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య ఎదుర్కొన్నది ఇదే. రాజ్‌పుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్‌లో ఆయన కంపెనీ కమాండరు. ముందు వెళ్ళిన ప్లటూన్ (కంపెనీలోని ఒక చిన్న దళం) ఫిరంగి దెబ్బలకు కదలలేక దాడి ఆగిపోయే స్థితి వచ్చినప్పుడు, ఆయన రిజర్వులో ఉంచిన ప్లటూన్‌ను తీసుకుని తానే ముందు నడిచారు. తీవ్రంగా గాయపడి ఇక కదలలేనని తెలిశాక, తనను వదిలి శత్రువు మీదికి వెళ్ళమని జవాన్లను ఆదేశించారు. స్థావరం మనవారి వశమైంది, ఆయన దక్కలేదు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

ఇది కింది స్థాయిలో కనిపించేది. దీనికంటే కష్టమైనది పై స్థాయిలో ఉంది, దానిని నేను కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆజ్ఞాపాలన అంటే ఏమిటో అక్కడే తేలుతుంది.

1962 శరత్కాలంలో ఈశాన్య సరిహద్దున నామ్‌కా చూ వాగు ఒడ్డుకు ఒక బ్రిగేడును పంపి, చైనా సైన్యాన్ని వెనక్కి నెట్టాలని ఢిల్లీ నిర్ణయించింది. ఆ ప్రాంతపు కోర్ (చాలా బ్రిగేడులున్న పెద్ద సైనిక విభాగం) కమాండరు లెఫ్టినెంట్ జనరల్ ఉమ్రావ్ సింగ్, చలి దుస్తులు, ఫిరంగులు, మందుగుండు, దారి ఏవీ లేకుండా ఇది సాధ్యం కాదని చెప్పారు. ఆయన మాట వినే బదులు ఆ ప్రాంతపు బాధ్యతను ఆయన నుంచి తీసివేసి, కొత్తగా నాలుగో కోర్‌ను సృష్టించి లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్‌కు అప్పగించారు. బ్రిగేడ్ కమాండరు జాన్ దళ్వీ కూడా తన స్థితి నిలవదని పైకి తెలియజేశారు. అక్టోబరు 20 ఉదయం దాడి జరిగింది, ఆ బ్రిగేడు చెల్లాచెదురైంది, దళ్వీ బందీ అయ్యారు. చెడు కబురు చెప్పినవాడిని తప్పిస్తే కబురు కూడా తప్పుతుందని ఢిల్లీలో ఎవరైనా అనుకున్నారో లేదో గానీ, జరిగింది మాత్రం ఇదే.

ఆ యుద్ధానికి కొద్దికాలం ముందే, నోటి దురుసు ఉందన్న పేరున్న సామ్ మానెక్‌షా మీద విచారణ జరిగింది. నిర్దోషిగా బయటపడ్డారు, కౌల్ తరువాత అదే నాలుగో కోర్‌కు ఆయనే వెళ్ళారు. 1971 ఏప్రిల్‌లో సైన్యాధిపతిగా ఉన్నప్పుడు, తూర్పు బెంగాల్ (నేటి బంగ్లాదేశ్) మీదికి వెంటనే కదలగలరా అని ప్రధాని ఇందిరా గాంధీ అడిగితే, ఇప్పుడు వెళ్తే ఓడిపోతామని మంత్రివర్గం ముందే చెప్పానని ఆయన తరువాతి కాలంలో పలుమార్లు చెప్పుకున్నారు. వానలు మొదలైతే అక్కడి నదులు సముద్రాలవుతాయి, దళాలు ఇంకా సిద్ధంగా లేవు, చలికాలం దాకా ఆగితే హిమాలయాల కనుమలు మంచుతో మూసుకుపోయి చైనా వైపు నుంచి బెడద తగ్గుతుంది. కావాలంటే రాజీనామా ఇస్తానని కూడా అన్నారు. ప్రధాని రాజీనామా తీసుకోలేదు, గడువు ఇచ్చారు. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ముగిసింది, పాకిస్తాన్ వైపు సుమారు 93 వేల మంది లొంగిపోయారు. ఈ ఘట్టాన్ని చెప్పేవారు సైన్యాధిపతి ధైర్యాన్నే పొగుడుతారు. నా దృష్టిలో విన్నవారికీ సగం వాటా రావాలి.

కనుక మీరు నేర్చుకోవలసిన క్రమం ఇది. నిర్ణయం జరగకముందు మీకు తెలిసిన నిజాన్ని, అది ఎంత చేదైనా, ఎదురుగా నిలబడి చెప్పాలి. నిర్ణయం జరిగాక, అది చట్టవిరుద్ధం కానంతవరకు, అది మీదే అన్నట్టు అమలు చేయాలి. వెనుక చాటున గొణగడం మాత్రం ఏ దశలోనూ తగదు. 1932 డిసెంబరు 10న డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీని లాంఛనంగా ప్రారంభిస్తూ అప్పటి భారత సైన్యాధిపతి జనరల్ చెట్‌వుడ్ చెప్పిన వరుస నేటికీ అక్కడ గోడ మీద ఉంది. దేశ భద్రత, గౌరవం, సంక్షేమం ఎప్పుడూ మొదట, కింద పనిచేసేవారి గౌరవం, సంక్షేమం, సౌకర్యం ఆ తరువాత, అధికారి సొంత సుఖం, క్షేమం ఎప్పుడూ చివర. పై అధికారికి ఇష్టంలేని మాట చెప్పడానికి జంకేవాడు నిజానికి తన సొంత క్షేమాన్ని ఈ వరుసలో మొదటికి తెచ్చుకున్నవాడే.

సి సర్టిఫికెట్ ఉన్న అమ్మాయిలకు చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి ఎన్‌సీసీ ప్రత్యేక ప్రవేశం ఉంది, యూపీఎస్సీ రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు. మీ తరువాతి తరగతుల అమ్మాయిలకు ఎన్‌డీఏ కూడా తెరుచుకుంది. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశంతో చేరిన మొదటి 17 మంది యువతులు 2025 మే నెలలో అక్కడ శిక్షణ ముగించారు.

ప్రశ్న: సైన్యంలో క్రమశిక్షణ నేర్చిన మాజీ సైనికులు రాజకీయాల్లోకి వస్తే పరిపాలన బాగుపడుతుందని నా నమ్మకం. మీరేమంటారు?
పదవీ విరమణ చేసిన హవల్దారు, గన్నవరం

సమాధానం: హవల్దారు గారూ, కొందరు బాగా చేస్తారు, కొందరు చేయలేరు. సైన్యంలో కంపెనీ మొత్తానికి లక్ష్యం ఒక్కటే, పంచాయతీలో వార్డుకొక లక్ష్యం ఉంటుంది. కాలువ పైనున్న రైతుకు, చివరనున్న రైతుకు ఒకే ఆజ్ఞ సరిపోదు. జనం సావధాన్‌లో నిలబడరు, నిలబడాలని కోరుకోకూడదు కూడా. మనం మోసుకురాగలిగినది ఒకటుంది. సైనిక్ సమ్మేళన్‌లో (యూనిట్ అంతా కూడే సభలో) కమాండింగ్ ఆఫీసరు మాట్లాడడం ముగించి "కిసీ కా కోయీ పాయింట్?" (ఎవరికైనా చెప్పుకోవలసినది ఉందా?) అని అడిగేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాన్లు నిజంగా లేచి మాట్లాడిన యూనిట్ ఎలా ఉండేదో, అందరూ బూట్ల వైపు చూసుకుంటూ కూర్చున్న యూనిట్ ఎలా ఉండేదో మీకు నాకంటే బాగా తెలుసు. మొదటి రకం యూనిట్ నుంచి వచ్చినవారైతే తప్పకుండా పోటీ చేయండి.

ప్రశ్న: సైనికాధికారికి ఖడక్‌వాస్లా (ఎన్‌డీఏ), డెహ్రాడూన్ ఉన్నాయి. ఐఏఎస్‌లకు ముస్సోరీ ఉంది. రాజకీయ నాయకుడికి మాత్రం ఏ బడీ లేదు. ప్రజాజీవితంలో శీలం గల నాయకులు ఇక ఎక్కడి నుంచి వస్తారు?
ఒక అధ్యాపకుడు, సత్తెనపల్లి

సమాధానం: మాస్టారూ, ముస్సోరీ అకాడమీ తన ధ్యేయవాక్యంగా "శీలం పరం భూషణమ్" అని పెట్టుకుంది. వాక్యం గొప్పదే, కానీ అక్కడికి చేరేసరికి అభ్యర్థికి ఇరవై రెండేళ్ళు దాటి ఉంటాయి, భూషణం ఉందో లేదో అప్పటికే చాలావరకు తేలిపోయి ఉంటుంది. రాజకీయాలకు బడి లేదన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. మీ జిల్లాలోనే ఒకప్పుడు బడులు ఉండేవి, కొన్నింటికి గోడలు లేవు, అంతే.

చీరాల అప్పట్లో గుంటూరు జిల్లాలోదే. చీరాల, పేరాలలను కలిపి పురపాలక సంఘం చేసి పన్నులు పెంచినందుకు నిరసనగా 1921లో ప్రజలు ఊరు ఖాళీ చేసి, ఊరి వెలుపల రామనగర్ అనే పేరుతో పాకలు వేసుకుని సుమారు పదకొండు నెలలు గడిపారు. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వారిని నడిపించారు. ఆయన తయారు చేసిన రామదండు అనే సేవాదళమే ఆ ఏడాది బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల్లో జనాన్ని అదుపు చేసింది. పన్ను కట్టను పొమ్మని ఎదిరించడం ఒక దారి, ఊరే వదిలిపోతే పురపాలక సంఘమే ఉండదన్నది ఎవరూ ఊహించని మరో దారి. ప్రజలు రెండోదాన్ని ఎంచుకున్నారు. అయితే గోపాలకృష్ణయ్యను జైలులో పెట్టాక ఉద్యమం క్రమంగా సడలిపోయింది. నిధుల కొరత ఒక కారణం, ఆయన స్థానంలో నిలబడగలిగినవారు సిద్ధంగా లేకపోవడం ఇంకొకటి. గోపాలకృష్ణయ్య అంటే నాకు అపారమైన గౌరవం ఉన్నా, తన తరువాతివారిని తయారు చేయని నాయకత్వం సగం పనే అని చెప్పక తప్పదు.

1922 జనవరిలో పెదనందిపాడు ఫిర్కాలో (కొన్ని ఊళ్ళు కలిసిన రెవెన్యూ విభాగంలో) జరిగిన పన్నుల నిరాకరణ ఉద్యమం మరో పద్ధతిలో నడిచింది. పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేన పేరుతో ఊరూరా వాలంటీర్లను నిలిపారు, గ్రామోద్యోగులు మూకుమ్మడిగా రాజీనామాలు ఇచ్చారు. జప్తులకు పోలీసులు, సైన్యం దిగినా జనం చేయి చేసుకోలేదు. వేడి మీదున్న జనాన్ని అదుపులో పెట్టడం, ఫిబ్రవరిలో ఉద్యమాన్ని ఆపాలని పైనుంచి నిర్ణయం వచ్చినప్పుడు ఆగడం, ఈ రెండూ పోరాటం మొదలుపెట్టడం కంటే కష్టమైన పనులు. అదే 1922 ఫిబ్రవరిలో పల్నాడులో అటవీ పన్నును ఎదిరించిన కన్నెగంటి హనుమంతు తూటాలకు నేలకొరిగాడు. ఒకే జిల్లాలో, ఒకే కాలంలో నడిచిన ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి మీ విద్యార్థుల చేత చర్చింపజేస్తే, ఏ నాయకత్వ శిబిరమూ ఇవ్వలేని పాఠం దొరుకుతుంది.

గోడలున్న బడి కూడా ఒకటుండేది. 1930లలో ఆచార్య ఎన్.జి. రంగా తన స్వగ్రామం నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టి, పల్లెటూరి యువకులకు అర్థశాస్త్రం, చట్టాలు, సభలో మాట్లాడడం, సంఘం నడపడం నేర్పించారు. ఇక మీ సత్తెనపల్లి విషయానికి వస్తే, వావిలాల గోపాలకృష్ణయ్య గారి గురించి మీకు నేను చెప్పడం సాహసమే అవుతుంది. నాలుగుసార్లు శాసనసభకు ఎన్నికై, ఖద్దరు, చేతిసంచీ తప్ప ఆర్భాటమేదీ లేకుండా బతికిన ఆ మనిషి, నందికొండ (నాగార్జునసాగర్) ప్రాజెక్టు కోసం అంకెలు, పటాలు పట్టుకుని తిరిగారు, ఆ తరువాత అధికార భాషా సంఘానికి అధ్యక్షులయ్యారు. ఆయన నిరాడంబరతను మాత్రమే తలుచుకోవడం మనకు అలవాటైంది. ప్రాజెక్టు నుంచి మద్యపాన నిషేధం దాకా చేపట్టిన ప్రతి విషయాన్నీ కొత్తగా చదివి నేర్చుకున్న ఆ తీరును ఎవరూ చెప్పరు, అనుకరించవలసింది మాత్రం అదే.

ఇప్పుడు బడి ఎక్కడుందంటారా? 1993 నుంచి అమలులో ఉన్న 73వ రాజ్యాంగ సవరణ ప్రతి ఊరికీ గ్రామసభను ఇచ్చింది, మన రాష్ట్రంలో స్థానిక సంస్థల పదవుల్లో సగం మహిళలవి. లెక్కలు చదివి వినిపించి, అడిగిన ప్రశ్నకు అక్కడే జవాబు చెప్పే గ్రామసభ ఒక్కటి సవ్యంగా జరిగితే, ఆ సర్పంచి నేర్చుకునేది ముస్సోరీలో నేర్చుకునేదానికి తీసిపోదు. సంతకాల పుస్తకం ఇంటింటికీ తిప్పి సభ జరిగిందనిపించే చోట మాత్రం ఏమీ నేర్చుకోరు, నేర్చుకునేదల్లా సంతకాలు సేకరించడమే. సహకార సంఘాలకూ ఇదే వర్తిస్తుంది.

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో కింది స్థాయి ఉద్యోగిని. ఉన్నది ఉన్నట్టు రాస్తే "అంకెలు బాగుండాలి, మార్చి తీసుకురండి" అంటారు. మార్చమని నోటితో చెబుతారు, కాగితం మీద మాత్రం నా సంతకం ఉంటుంది. శీలం నిలుపుకుంటూ ఉద్యోగం నిలుపుకోవడం ఎలా?
పేరు ప్రచురించవద్దని కోరిన ఉద్యోగిని, విజయవాడ

సమాధానం: ముందు మీ పని ఎంత ముఖ్యమైనదో చెప్పి, తరువాత దారి చెబుతాను. 1977 నవంబరు 19న దివిసీమను తుపాను ముంచినప్పుడు సుమారు పది వేల మంది చనిపోయారు. సముద్రం ఊళ్ళ మీదికి వస్తుందన్న కబురు, ఊరు ఖాళీ చేయాలన్న ఆజ్ఞ చేరవలసిన చోటికి వేళకు చేరలేదు. తరువాతి ఏళ్ళలో మచిలీపట్నంలో తుపానులను పసిగట్టే రాడార్ వచ్చింది, తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి, ఏ ఊరి వారిని ఎక్కడికి తరలించాలో ముందే రాసి పెట్టుకున్నారు. 1990 మే 9న అదే తీరాన్ని మరో భీకర తుపాను తాకినప్పుడు లక్షల మందిని ముందుగానే తరలించగలిగారు, మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. ఆ వెయ్యి కూడా తక్కువేమీ కాదు. అయినా మొదటిసారి జరిగిన నష్టాన్ని ఉన్నది ఉన్నట్టు రాసినవారు లేకపోతే, రెండోసారి ఏ ఊరిని ముందు ఖాళీ చేయించాలో ఎవరికి తెలిసేది?

మీ నగరంలోనే 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు మునిగినప్పుడు, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. పడవలు వెళ్ళలేని సందుల్లోకి డ్రోన్లతో ఆహారం పంపారు, గండి పూడ్చడానికి సైన్యపు ఇంజనీర్లు వచ్చారు. అలాంటి వేళ ఏ వీధిలో నీరు ఎంత లోతుందో మొదట తెలిసేది మేడ మీద నిలబడ్డ గృహిణికి, తరువాత ఆ వార్డులో తిరిగే మీవంటి ఉద్యోగికి. ఆ కొలత పైకి వెళ్ళే దారిలో ఒక్క బల్ల దగ్గర "బాగుండేలా" మారినా, పడవ తప్పు వీధికి వెళ్తుంది.

దారి ఇది. అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1968 ప్రకారం పై అధికారి ఆదేశం సాధారణంగా రాతపూర్వకంగా ఉండాలి. తప్పనిసరై నోటితో ఇస్తే వెంటనే రాతలో ధ్రువీకరించాలి, అందుకున్నవారు ఆ ధ్రువీకరణను కోరాలి. కేంద్ర ఉద్యోగుల నియమావళిలోనూ ఇదే ఉంది. మీ సర్వీసు వేరైనా ఈ సంప్రదాయాన్ని వాడుకోవడానికి అడ్డులేదు. గొడవపడకండి, ప్రసంగం చేయకండి. "తమరు సూచించిన మార్పుకు ఆధారమైన వివరాలు తెలియజేస్తే సవరించి సమర్పించగలను" అని ఫైలులో ఒక వాక్యం రాసి పైకి పంపండి. పదింటిలో తొమ్మిది సందర్భాల్లో ఆ ఫైలు మార్పు లేకుండా, మాట లేకుండా తిరిగి వస్తుంది. క్షేత్రంలో రాసుకున్న మొదటి అంకెల నకలు తేదీతో సహా మీ దగ్గర ఉంచుకోండి. పదో సందర్భంలో బదిలీ రావచ్చు. రాదని నేను హామీ ఇవ్వలేను.

ఈ దారిలో చాలా దూరం నడిచిన అధికారి మన రాష్ట్ర క్యాడర్‌లోనే ఉండేవారు. ఎస్.ఆర్. శంకరన్ వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని ఊరూరా తిరిగి అమలు చేయించి, అందుకు పాలకుల ఆగ్రహానికి గురై పక్కన పెట్టబడ్డారు. త్రిపుర ప్రభుత్వం పిలిచి ప్రధాన కార్యదర్శిని చేసింది. 1987లో నక్సలైట్లు అపహరించిన అధికారులలో ఆయన ఒకరు. తరువాతి కాలంలో అదే నక్సలైట్లకూ ప్రభుత్వానికీ మధ్య చర్చలకు రెండు పక్షాలూ నమ్మిన మనిషి కూడా ఆయనే. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. ఉన్నది ఉన్నట్టు చెబుతాడన్న పేరు ఒక్కటే ఆయనకు రెండు వైపుల తలుపులూ తెరిచింది.

ప్రశ్న: మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆన్‌లైన్ పరీక్షల్లో నా స్నేహితులు జవాబులు పంచుకుంటున్నారు. నేను చేయను. కానీ వాళ్ళ గురించి చెప్పాలా? చెబితే స్నేహద్రోహం, చెప్పకపోతే నేనూ భాగస్వామినా?
ఒక విద్యార్థి, కానూరు, విజయవాడ

సమాధానం: 1802లో మొదలైన అమెరికా సైనిక విద్యాలయం వెస్ట్ పాయింట్‌లో ఒక నియమం ఉంది. క్యాడెట్ అబద్ధం చెప్పడు, మోసం చేయడు, దొంగిలించడు, అలా చేసేవారిని సహించడు. మిమ్మల్ని వేధిస్తున్నది ఆ చివరి మాటే, అక్కడి క్యాడెట్లను కూడా అదే ఎక్కువగా వేధించింది. అంత కఠినమైన నియమం ఉండి కూడా 1951లో, 1976లో అక్కడ పెద్ద ఎత్తున కాపీయింగ్ బయటపడింది. 2020లో కరోనా కారణంగా పరీక్ష ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు గణితంలో 70 మందికి పైగా క్యాడెట్ల మీద అదే ఆరోపణ వచ్చింది. గోడ మీద రాసిన నియమం మనిషిని తయారు చేయదని దీని అర్థం. అయినా నియమాన్ని తీసేయాలని నేను అనను. అది లేకపోతే, తప్పు చేసినప్పుడు దానికి తప్పు అనే పేరే ఉండదు.

మీ విషయంలో ఫిర్యాదు మొదటి మెట్టు కానక్కరలేదు. ముందు మీ స్నేహితుల ముఖం మీదే చెప్పండి, గ్రూపులో సందేశం పెట్టి కాదు, ఎదురుగా కూర్చుని. "నేను ఇందులో లేను, వచ్చే పరీక్షలో కూడా ఇలాగే జరిగితే సార్‌కు చెబుతాను" అని ముందుగానే తెలియజేయడంలో ద్రోహం లేదు, చాటుగా చెప్పడంలోనే ఉంది. వారిలో ఒకరిద్దరు ఆగుతారు. ఆగనివారి విషయంలో, పేర్లు ఇవ్వకుండా పరీక్ష పెట్టే పద్ధతిలోనే లోపం ఉందని అధ్యాపకుడికి చెప్పి, ప్రశ్నపత్రం మార్చమని కోరవచ్చు. అది కూడా జరగక, ఎవరైనా మిమ్మల్ని నేరుగా అడిగితే, అప్పుడు అబద్ధం చెప్పకండి. కొంతకాలం క్యాంటీన్‌లో మీ బల్ల దగ్గర కుర్చీలు ఖాళీగా ఉండవచ్చు. రేపు ఒక వంతెన డిజైన్‌లో ఇనుము తగ్గించమని ఎవరో చెప్పినప్పుడు మీరు చేయవలసిన పని కూడా ఇదే కనుక, దానిని ఇప్పుడే, ప్రాణనష్టం లేని చోట, ఒకసారి చేసి చూడడం మంచిది.